విండోస్ మార్చాక ల్యాప్‌టాప్ బ్యాటరీ నిలవడం లేదా? ముందు ఈ రెండు అంకెలు చూడండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం ఆపేసింది. ఆ తేదీకి అటూ ఇటూగా మన ఇళ్లలో చాలామంది ఉన్న ల్యాప్‌టాప్‌నే విండోస్ 11కి మార్చుకున్నారు. అప్పటి నుంచి సంఘానికి వచ్చే ఫోన్లలో కొన్ని మాటలు పదేపదే వినిపిస్తున్నాయి. "మార్చక ముందు మూడు గంటలు వచ్చేది, ఇప్పుడు గంట కూడా రావడం లేదు" అని ఒకరు, "ప్లగ్గు పెట్టినా చార్జి ఎక్కడం లేదు" అని ఇంకొకరు, "ముప్ఫై శాతం చూపిస్తూనే టక్కున ఆగిపోతోంది" అని మరొకరు. వీరిలో కొందరికి షాపులో మదర్‌బోర్డు పోయిందన్నారు, కొందరిని కొత్తది కొనుక్కోమన్నారు. పిల్లల ఆన్‌లైన్ పరీక్ష, ఉద్యోగ దరఖాస్తు, ఊళ్లో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ అన్నీ ఒకే ల్యాప్‌టాప్ మీద నడిచే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నాం. కావలసినప్పుడు తీసి చూసుకోండి.

ముందుగా ఒక మాట. విండోస్ మార్చడం వల్ల బ్యాటరీ పాడైపోవడం అరుదు. అప్పటికే అరిగిపోయిన బ్యాటరీ సంగతి ఆ సమయంలో బయటపడటం, లేదా కొత్త విండోస్‌లో ఏదో ఒక సెట్టింగు మారిపోవడం, ఈ రెండే ఎక్కువ. ఏది జరిగిందో తెలుసుకోకుండా డబ్బు ఖర్చు పెట్టవద్దు.

ఈ తగవు కొత్తదేమీ కాదు

2009 అక్టోబరు 22న విండోస్ 7 విడుదలైంది. కొన్ని నెలలకే ప్రపంచమంతటా ఫిర్యాదులు మొదలయ్యాయి. విండోస్ 7 వేసుకున్నాక బ్యాటరీ మార్చుకోమని హెచ్చరిక వస్తోందని, ఎక్స్‌పీలో, విస్టాలో బాగా నడిచిన బ్యాటరీని ఈ కొత్తది తినేసిందని జనం గోల పెట్టారు. మైక్రోసాఫ్ట్ దాన్ని పరిశీలించింది. అప్పట్లో విండోస్ విభాగానికి అధిపతి స్టీవెన్ సినాఫ్‌స్కీ. ఆయన 2010 ఫిబ్రవరిలో జవాబిస్తూ, విండోస్ 7 చేస్తున్నది ఉన్న సంగతి చెప్పడమేనని, బ్యాటరీని పాడు చేయడం లేదని వివరించారు. బ్యాటరీ తన తొలి సామర్థ్యంలో 40 శాతానికి పడిపోయినప్పుడు ఆ హెచ్చరిక వచ్చేలా పెట్టారు. ఎక్స్‌పీలో, విస్టాలో అలాంటి హెచ్చరికే లేదు. కాబట్టి అరిగిపోయిన బ్యాటరీ కూడా నోరు మూసుకుని పడి ఉండేది. ఆ వివరణను చాలామంది నమ్మలేదనుకోండి. కంపెనీ తన తప్పు కప్పిపుచ్చుకుంటోందనే అన్నారు. మేము ఇక్కడ చూసిన ల్యాప్‌టాప్‌ల మాట చెప్పాలంటే, ఆ వివరణ నేటికీ చాలావాటికి సరిపోతుంది.

అలాగని ప్రతిసారీ తప్పు బ్యాటరీదే అనడం కూడా న్యాయం కాదు. ఆపిల్ విషయం చూడండి. 2016, 2017 నాటి కొన్ని మ్యాక్‌బుక్ ప్రోల్లో బ్యాటరీ ఒక శాతం దాటి ఎక్కని ఇబ్బంది వచ్చింది. 2021 ఫిబ్రవరిలో మ్యాక్ ఓఎస్ బిగ్ సర్ 11.2.1 అప్‌డేటుతో దాన్ని సరిచేశారు. అప్పటికే ఆ స్థితికి వచ్చినవాటికి ఆపిల్ ఉచితంగా బ్యాటరీ మార్చి ఇచ్చింది. అంటే సాఫ్ట్‌వేర్ వైపు నుంచి కూడా చిక్కు రావచ్చు. అందుకే ఊహ పక్కన పెట్టి లెక్క చూడాలి అంటున్నాం.

మొదటి రెండు మూడు రోజులు

విండోస్ మార్చిన వెంటనే లోపల చాలా పని జరుగుతుంది. మీ ఫైళ్లన్నిటికీ వెతుకులాట కోసం మళ్లీ సూచిక తయారవుతుంది. డిఫెండర్ వైరస్ తనిఖీ నడుస్తుంది. వన్‌డ్రైవ్ ఫొటోలను పైకి ఎక్కిస్తుంటుంది. మిగిలిపోయిన అప్‌డేట్లు వెనకాల దిగుతుంటాయి. ఫ్యాను హోరుమంటుంది, అడుగు వేడెక్కుతుంది, బ్యాటరీ గబగబా దిగిపోతుంది. ఇది చూసి కంగారు పడకండి. రెండు రోజులు, ఒక్కో పూట కొన్ని గంటలు, చార్జరు పెట్టి ఆన్‌లో ఉంచండి. పని ముగిశాక చాలావరకు దానంతట అదే నెమ్మదిస్తుంది. ఈలోపు రోజుకొకసారి షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా కొత్తగా మొదలు కాదు, రీస్టార్ట్ చేస్తేనే అవుతుంది. మనవాళ్లలో చాలామందికి ఈ తేడా తెలియదు.

మూడో రోజు కూడా అలాగే ఉంటే అప్పుడు లెక్క తీద్దాం.

బ్యాటరీ రిపోర్టు తీయడం

దీనికి ఏ యాపూ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. విండోస్ 8 నుంచి ఈ సౌకర్యం లోపలే ఉంది. స్టార్ట్ నొక్కి సి, ఎం, డి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లటి కిటికీ తెరుచుకుంటుంది. అందులో పవర్ అనే మాట ఇంగ్లీషులో కొట్టి, దానికి అంటించి సి, ఎఫ్, జి అక్షరాలు పెట్టండి. తర్వాత ఒక్క ఖాళీ వదలండి. ఆపైన స్లాష్ గీత పెట్టాలి, ప్రశ్నార్థకం ఉండే మీట మీదే ఆ గీత ఉంటుంది. దాని వెంటనే బ్యాటరీ, రిపోర్ట్ అనే రెండు మాటలూ కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఫైలు ఎక్కడ దాచిందో కింద వరుసలో చెబుతుంది. సాధారణంగా సి డ్రైవులో యూజర్స్ కింద మీ పేరున్న ఫోల్డరులో ఉంటుంది. దాన్ని తెరిస్తే క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో ఒక పెద్ద పట్టిక కనిపిస్తుంది.

అందులో ఇన్‌స్టాల్డ్ బ్యాటరీస్ అన్న శీర్షిక కింద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి డిజైన్ కెపాసిటీ, అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎంత పట్టాలో అది. రెండోది ఫుల్ చార్జ్ కెపాసిటీ, అంటే ఇవాళ నిండా చార్జి చేస్తే ఎంత పడుతోందో అది. రెండూ మిల్లీవాట్ అవర్ లెక్కలో ఉంటాయి. మొదటిది 41,000, రెండోది 20,500 ఉందనుకోండి. మీ బ్యాటరీ సగానికి వచ్చింది. కొత్తలో నాలుగు గంటలు వచ్చినది ఇప్పుడు రెండు గంటలే వస్తుంది. అందులో విండోస్ 11 చేసిన పాపం ఏమీ లేదు. కొలత పాత్రే చిన్నదైపోతే అందులో పట్టే పాలు కూడా తగ్గుతాయి గదా.

మేము వాడే కొలబద్ద ఇది. 80 శాతం పైన ఉంటే బ్యాటరీ జోలికి పోకండి, తప్పు సెట్టింగుల్లో వెతకండి. 60, 80 మధ్య ఉంటే మూడు నాలుగేళ్ల ల్యాప్‌టాప్‌కు అది మామూలే, సెట్టింగులు సరిచేసుకుంటూ ఇంకొన్నాళ్లు లాగవచ్చు. 50 కంటే దిగితే మార్చుకోవడమే మేలు. కొన్ని యంత్రాల్లో సైకిల్ కౌంట్ కూడా కనిపిస్తుంది, అంటే ఎన్ని నిండు చార్జీల వాడకం అయిందన్న లెక్క. అది కనిపించకపోయినా ఫరవాలేదు, మొదటి రెండు అంకెలు చాలు.

ఇంకా విండోస్ మార్చనివారికి ఒక సలహా. ఈ రిపోర్టు మార్చక ముందే ఒకసారి తీసి పెన్‌డ్రైవులో దాచుకోండి. మార్చిన తర్వాత మళ్లీ తీయండి. రెండూ పక్కపక్కన పెడితే ఇంట్లో వాదన అక్కడికక్కడే తెగిపోతుంది. ముప్ఫై ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపినవాళ్లం, ముందు కాగితం లేకుండా తర్వాతి కాగితాన్ని నమ్మం.

మ్యాక్ ఉన్నవారు సిస్టమ్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్ చూడాలి. గరిష్ఠ సామర్థ్యం శాతంలోనే ఉంటుంది.

బ్యాటరీ ఎందుకు అరుగుతుంది

ఈనాటి ల్యాప్‌టాప్‌లన్నిటిలో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. దీన్ని రూపొందించిన జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. వాడినా అరుగుతుంది, వాడకుండా పెట్టినా మెల్లగా అరుగుతుంది. దీనికి రెండు బద్ధశత్రువులు. ఒకటి వేడి, రెండోది నిత్యం నూటికి నూరు శాతం నిండి ఉండటం. రెండూ కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. పరుపు మీద పెట్టి, కింద గాలి రంధ్రాలు మూసుకుపోయి, చార్జరు గుచ్చే ఉంచి సినిమా చూస్తే జరిగేది అదే. మా హోసూరులో చల్లగాలి కాబట్టి కొంత నయం. బళ్లారి, బరంపురం, చెన్నై వైపు ఉన్నవారు ఎండాకాలంలో ఇంకాస్త జాగ్రత్త పడాలి.

వారానికి ఒకసారి సున్నాకు దించాలని మన పెద్దవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట. లిథియానికి పూర్తిగా దించడం మేలు చేయదు, అలవాటుగా చేస్తే కీడే. ఒక్క సందర్భంలో మాత్రం పనికొస్తుంది. ముప్ఫై శాతం చూపిస్తూ టక్కున ఆగిపోయే ల్యాప్‌టాప్‌లో ఆ శాతం అంకె తప్పు కావచ్చు. ఆ అంకె బ్యాటరీలోని చిన్న చిప్పు వేసే అంచనా మాత్రమే. నిండా చార్జి చేసి, దానంతట అది ఆగే దాకా వాడి, మళ్లీ ఆపకుండా నిండా ఎక్కిస్తే అంచనా సరిపడుతుంది. ఒకసారి చాలు. అప్పటికీ ఆగిపోతుంటే లోపల ఒక సెల్ చచ్చిపోయిందనుకోవచ్చు.

ప్లగ్గు పెట్టినా ఎక్కకపోతే

మాకు ఎక్కువ కోపం తెప్పించిన వ్యవహారం ఇది. ఒక సభ్యురాలి కొడుకు ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 వేశాక చార్జి 60 దగ్గర ఆగిపోయేది. షాపులో చూపిస్తే బ్యాటరీతో పాటు చార్జింగు సర్క్యూటు మార్చాలని పెద్ద అంచనా రాసిచ్చారు. కార్యాలయానికి తెచ్చి, "అన్నా, ఇది నిజమేనా, ఒక్కసారి చూడండి" అంది. రిపోర్టు తీస్తే బ్యాటరీ 90 శాతం పైన ఉంది. లెనోవో వాంటేజ్ అనే కంపెనీ యాపులో కన్జర్వేషన్ మోడ్ ఆన్ అయి ఉంది, అంతే. ఆపగానే నూరు దాకా ఎక్కింది. ఆ అంచనా కాగితాన్ని ఇంకా మా దగ్గరే ఉంచుకున్నాం.

బ్యాటరీ ఆయుష్షు పెంచడానికి కంపెనీలే ఇలా హద్దు పెట్టే సౌకర్యం ఇస్తున్నాయి. లెనోవో మోడల్‌ను బట్టి 60 దగ్గరో 80 దగ్గరో ఆపుతుంది. ఆసుస్‌లో మైఆసుస్ యాపులోనూ, డెల్‌లో కంపెనీ పవర్ యాపులోనూ, హెచ్‌పీలో బయోస్‌లోనూ ఇలాంటిదే ఉంది. విండోస్ మార్చినప్పుడు ఈ యాపు కొత్తగా దిగి హద్దు పెట్టవచ్చు, లేదా మీరు పెట్టుకున్న హద్దు పోవచ్చు. ఎప్పుడూ బల్ల మీదే ప్లగ్గులో ఉండే ల్యాప్‌టాప్ అయితే 80 హద్దు ఉంచుకోవడమే మంచిదని మా అభిప్రాయం.

హద్దు ఏమీ లేదని తేలితే చార్జరు చూడండి. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు తమ అడాప్టరును గుర్తుపట్టకపోతే నడుస్తాయి గాని బ్యాటరీకి ఎక్కించవు. టైప్ సి అయితే ఫోను చార్జరు శక్తి చాలదు. ఆ తర్వాత డ్రైవరు. స్టార్ట్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి, బ్యాటరీస్ కింద ఏసీపీఐ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ అన్న వరుసను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని తానే మళ్లీ వేసుకుంటుంది. అదీ కాకపోతే షట్‌డౌన్ చేసి, చార్జరు తీసి, పవర్ బటన్ ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లు మీ మోడల్ పేరుతో తయారీ కంపెనీ సైటు నుంచే దించుకోండి. డ్రైవర్లన్నీ మేమే సరిచేస్తాం అని డబ్బడిగే యాపుల జోలికి పోవద్దు. బయోస్ అప్‌డేటు చేయవలసి వస్తే చార్జరు గుచ్చి, కరెంటు పోని వేళ చూసి చేయండి.

మూసి సంచిలో పెడితే పొద్దునకి ఖాళీ

కొత్త తరం ల్యాప్‌టాప్‌లు మూత మూసినా పూర్తిగా నిద్రపోవు. ఫోనులాగా మధ్యమధ్య లేచి మెయిల్, అప్‌డేట్లు చూసుకుంటాయి. దీన్ని మోడర్న్ స్టాండ్‌బై అంటారు. రాత్రి 70 ఉన్నది పొద్దునకి 20కి వస్తే, సంచిలో చేయి పెడితే వెచ్చగా తగిలితే ఇదే కారణం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, మూత మూస్తే ఏం చేయాలన్న చోట స్లీప్ బదులు హైబర్నేట్ పెట్టండి. తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, బ్యాటరీ మాత్రం దాదాపు ఖర్చు కాదు.

పగటిపూట ఎవరు తింటున్నారో తెలియాలంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ, బ్యాటరీ యూసేజ్ చూడండి. 24 గంటల లెక్కా, వారం లెక్కా యాపుల వారీగా ఉంటుంది. తెర వెలుతురు తగ్గించడం అన్నిటికంటే సులువైన పొదుపు.

విండోస్ 11 నిజంగానే మీ యంత్రానికి పడలేదనిపిస్తే, మార్చిన 10 రోజుల లోపు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ నొక్కి పాతదానికి పోవచ్చు. విండోస్ 10లోనే ఉండేవారు అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోవాలి. ఇళ్లలో వాడేవారికి ఆ గడువు 2026 అక్టోబరు 13.

తమిళనాడులో 2011 నుంచి ప్రభుత్వం విద్యార్థులకు ఇచ్చిన ఉచిత ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలోనూ చాలా ఉన్నాయి. తొలి ఏళ్లవి విండోస్ 11 అర్హతకు అందవు. దానికి టీపీఎం 2.0 చిప్పు కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలి. ఎవరో దొంగదారిన వేసిస్తామంటే ఒప్పుకోకండి. వాటికి తేలికైన లినక్స్ వేసుకోవచ్చు, తెలుగు అక్షరాలు అందులోనూ బాగానే వస్తాయి.

బ్యాటరీ ఉబ్బితే

ఈ ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా, అడుగు భాగం బల్ల మీద ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. వెంటనే చార్జరు తీసి, ఆపేసి, మంటకు దూరంగా పెట్టండి. నొక్కవద్దు, గుచ్చవద్దు, ఇంట్లో విప్పవద్దు. లిథియం అంటుకుంటే ఆర్పడం కష్టం. ఇంకో నెల పరీక్షలు అయ్యేదాకా వాడదాం అని ఒక ఇంట్లో అంటే మేము గట్టిగానే కోప్పడ్డాం.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు

బెంగళూరు ఎస్పీ రోడ్, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబై లామింగ్టన్ రోడ్‌లలో అన్ని రకాలూ దొరుకుతాయి. యానాం వారికి కాకినాడ దగ్గర. ఎక్కడ కొన్నా పాత బ్యాటరీ మీది పార్ట్ నంబరు రాసుకుని వెళ్లండి, మోడల్ పేరు ఒక్కటే చాలదు. లిథియం బ్యాటరీలకు మన దేశంలో బీఐఎస్ నమోదు తప్పనిసరి. దాని మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి, బీఐఎస్ కేర్ యాపులో అది అసలుదో కాదో చూసుకోవచ్చు. బిల్లు లేకుండా వంద తగ్గిస్తామంటే వద్దనండి. బిగించాక షాపులోనే బ్యాటరీ రిపోర్టు తీయించండి. రెండు అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి. కొత్తదని చెప్పినది 70 శాతం చూపిస్తే అక్కడే తిప్పి ఇచ్చేయవచ్చు. గొడవ పడితే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

ఇంకొక హెచ్చరిక. "మీ బ్యాటరీ ప్రమాదంలో ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర మీద వస్తే అది మోసం. విండోస్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. డబ్బు పోయినట్టయితే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి.

పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసినవాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది, కంపెనీ సర్వీసు సెంటరులో అడిగి ఇవ్వండి. సంఘం కార్యాలయానికి ల్యాప్‌టాప్ తెచ్చేవారు చార్జరు కూడా తప్పక తీసుకురండి. సగం మంది అది ఇంట్లోనే మరిచి వస్తున్నారు.